ముత్తయ్య మోకు

నా పేరు ఉష, సిద్దిపేట డిపోలో కండక్టర్‌ని. నోరు పెద్దదని పేరు. ఆ నోరే లేకపోతే ధూళిమిట్ట రూటులో పొద్దుటి బస్సు కదలదు. మా అన్న చిరంజీవి సరిహద్దు యుద్ధంలో చనిపోయాక నేను మళ్ళీ డ్యూటీకెక్కిన రోజు, కిక్కిరిసిన బస్సులో ఒక పెద్దాయన లేచి నాకు సీటిచ్చాడు. కండక్టర్‌కు సీటు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు లేచారు. నేను కూర్చుంటే టికెట్లు మీ తాతొచ్చి కొడతాడా అని కసిరాను. అందరూ నవ్వారు, ఒకామె మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొన్నాళ్ళకు చిల్లర కోసం నాతో ఎప్పటిలాగే కొట్లాడటం మొదలుపెట్టారు. నా సంగతి అట్లా తేలిపోయింది. మా బాపు సంగతే తేలలేదు.

మా బాపు ముత్తయ్య గీత కార్మికుడు. మాది గౌండ్ల ఇల్లు. తాటిచెట్టు ఎక్కి కల్లు గీయడం తాతల నాటి పని. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుని బాపు పైకి పోతుంటే చూడముచ్చటగా ఉండేది. మా అమ్మ స్వరాజ్యానికి మాత్రం ఆ ముచ్చట లేదు. ఆమె సొంత తమ్ముడు చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. అందుకే చిరంజీవి పదో తరగతిలో దొంగచాటుగా బాపు పాత మోకు తీసుకుపోయి ఎక్కడం నేర్చుకుంటే, చీపురుతో ఊరంతా తరిమింది. వాడు ఆగితే కదా. చదువుకు లేవనివాడు చెట్టుకు మాత్రం కోడి కూయకముందే లేచేవాడు.

మిలిటరీ పిచ్చి ఎక్కడ పట్టిందో తెలియదు గానీ, పట్టాక ఇక వదల్లేదు. తెల్లారగట్ల మా ఊరి నుంచి ధూళిమిట్ట దాకా పరుగెత్తేవాడు. మొదటిసారి ఛాతీ కొలతలో పోయింది. ఇంటికొచ్చి కొలిచినవాణ్ణీ, టేపునూ కలిపి తిట్టాడు. మరుసటి ఏడు సెలెక్ట్ అయ్యాడు. కొండల మీద డ్యూటీ పడింది. రోప్ పట్టుకుని వాడు బండ ఎక్కే తీరు చూసి ఒక ఆఫీసరు, ఎక్కడ ట్రైనింగ్ అని అడిగాడట. మా బాపు దగ్గర అన్నాడట. ఆ మాట ఫోన్లో బాపుకు చెప్పాడు. ఆ సాయంత్రం ఊళ్ళో ఆ సంగతి తెలియని మనిషి మిగల్లేదు. వాడు ఫోన్ చేస్తే నన్ను ఒక్క మాట అడిగి, చెట్ల గురించి పది మాటలు అడిగేవాడు. బావికాడి చెట్టు కల్లు పారుతుందా, జంట చెట్లు ఎవరు గీస్తున్నారు అని. నాకు ఒళ్ళు మండేది.

పోయిన ఎండాకాలంలో యుద్ధం వచ్చింది. దెబ్బతిన్న తోటి జవానును వీపుకు కట్టుకుని చిరంజీవి కొండ దిగుతుంటే దగ్గర్లో గుండు పడింది. ఆ జవాను బతికాడు, మా అన్న బతకలేదు. వాడికి పెళ్ళి కూడా కాలేదు. జెండా కప్పిన పెట్టె ఊళ్ళోకి వచ్చినప్పుడు రోడ్డుకు రెండు వైపులా ఎన్ని ఊళ్ళ జనం నిలబడ్డారో చెప్పలేను. అమ్మా నేనూ నేల మీద పడి ఏడ్చాం. బాపు ఏడవలేదు. ఆఫీసర్లు, కెమెరాలు, పెద్దపెద్ద మనుషులు అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఎవరో చెవిలో చెబితే సెల్యూట్ కొట్టాడు. ముత్తయ్యది ఉక్కు గుండె అని ఊరంతా చెప్పుకుంది. నేను కూడా గర్వపడ్డాను.

పారే తాటిచెట్టును పూటపూటా గీయకపోతే గెల ఎండిపోతుంది. అందుకని మా వాళ్ళలో ఎవరింట్లో చావు జరిగినా, మైల తీరేదాకా మిగతావాళ్ళు ఆ ఇంటి చెట్లు గీసిపెడతారు. మావీ అట్లాగే గీశారు. మైల తీరిన మర్నాడు బాపు మోకు భుజానికేసుకుని గడప దాటాడు. వాకిట్లో గీత సంఘం అధ్యక్షుడు భూపతి, ఆయన వెనక నలుగురు పెద్దలు నిలబడి ఉన్నారు.

"ముత్తన్నా, నువ్వింక చెట్టెక్కద్దు. దేశానికి కొడుకునిచ్చినోడివి. నీ చెట్లు మేం గీస్తం, నీ కల్లు నీ ఇంటికే తెచ్చిస్తం" అన్నాడు భూపతి. చేతులు జోడించి మరీ అన్నాడు.

బాపు మోకు దించి గోడకు తగిలించాడు. ప్రేమతో వచ్చినవాళ్ళకు కాదని చెప్పడం ఆయనకు చేతకాదు.

కల్లు అమ్మే చోటును మండువ అంటారు. అక్కడ తాగడానికి ఒక తీరుంది. తాగేవాడు గొంతుక్కూర్చుని తాటాకు దొప్ప నోటికి పెట్టుకుంటాడు, గీసినవాడు నిలబడి లొట్టి అనే కల్లుకుండలోంచి వంపుతాడు. బాపు వంపుతూ ప్రతివాణ్ణీ ఆటపట్టించేవాడు, వాళ్ళు కల్లుకు వంకలు పెట్టేవాళ్ళు, ఆయన తిరిగి నాలుగు తగిలించేవాడు. ఆ మాటల కోసమే కొందరు దూరం నుంచి వచ్చేవాళ్ళు. ఇప్పుడు బాపు మండువకు పోతే కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడుతున్నారు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి వేస్తున్నారు. ఆయన లొట్టి పట్టుకోబోతే చేతిలోంచి తీసుకుంటున్నారు. అమరుడి తండ్రి చేత కల్లు పోయించుకుంటే పాపం తగులుతుందన్నట్టు చూస్తున్నారు. కొద్దిరోజులకు బాపు మండువకు పోవడమే మానేశాడు.

ఇక ఆయన పనల్లా తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చోవడం, వచ్చినవాళ్ళకు దండం పెట్టడం, పిలిచిన బడికల్లా పోయి జెండా ఎగరేయడం. మనిషి చిక్కిపోయాడు. అన్నం కెలికి వదిలేసేవాడు. అప్పుడప్పుడూ మోకు కిందికి తీసి ఆముదం రాసి, మళ్ళీ గోడకు తగిలించేవాడు. మేము చిరంజీవి పేరెత్తితే లేచి బయటికి పోయేవాడు.

నాకు ఆగలేదు. భూపతి ఇంటికి పోయి కొట్లాటకు దిగాను. మా బాపును పనికిరానివాణ్ణి చేశారని అరిచాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, మీ బాపు ఇప్పుడు మీ ఒక్కరి బాపు కాదు బిడ్డా, ఊరందరికీ బాపు అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టేవాళ్ళతో ఎంతసేపైనా కొట్లాడతాను. దండం పెట్టేవాళ్ళతో ఎట్లా కొట్లాడాలో నాకు తెలియదు. మజ్జిగ తాగి ఇంటికొచ్చాను.

ఇదంతా అమ్మ చూస్తూనే ఉంది. పొలం పని, ఇంటి పని చేసుకుంటూ, ఏడుపొస్తే ఏడుస్తూ, ఆమె రోజులు నెట్టుకొస్తోంది. ఒక మధ్యాహ్నం నాతో, మీ బాపు ఈ ఏడాది దాటడు ఉషా, అంది. మామూలుగా, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టే అంది. ఎన్నడూ చెట్టును ఇష్టపడని మనిషి ఆ రోజు గోడకున్న మోకు వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

తర్వాతి నెలలో కాటమయ్య పండుగ వచ్చింది. కాటమయ్య గౌండ్ల దేవుడు. తాటివనంలో ఆయన రాయి ముందు గీసేవాళ్ళంతా తమ మోకులు, కత్తులు వరసగా పెట్టి మొక్కుతారు. మొక్కు అయ్యాక ఎవరి మోకు వాళ్ళు తీసుకుని చెట్టెక్కి, దించిన కల్లు దేవుడి ముందు ధారగా శాక పోస్తారు. ఒకరి మోకు ఇంకొకరు ముట్టరు. పెట్టిన మోకు ఎత్తకుండా వదిలేస్తే సంఘానికే కీడంటారు. ఈసారి దేవుడి పక్కన చిరంజీవి ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటో పక్కన అదే ఎర్ర కుర్చీ. అందులో బాపు.

జనంలోంచి అమ్మ ముందుకు నడిచింది. ఆమె భుజం మీద మోకు. ఆడవాళ్ళు మోకు మోయడం మా ఊళ్ళో నేను చూడలేదు. నేరుగా పోయి వరస చివర మోకును పెట్టి, దాని మీద పసుపు చల్లింది. అది ఎవరిదని భూపతి అడిగాడు, తెలియనట్టు.

"ముత్తయ్యది" అంది అమ్మ. "ఆయన బతికే ఉన్నడు. అందుకే పెట్టిన."

"వదినా, మేం మర్యాద కోసమే గద చేసింది" అన్నాడు భూపతి.

"కొడుకును మట్టిల పెట్టిన, ఓర్సుకున్న. మీరు నా మొగన్ని కుర్చీల పెట్టిన్రు. గిది ఓర్సుకోను."

భూపతి పక్కకు తప్పుకున్నాడు. మొక్కు జరిగింది. ఒక్కొక్కరూ వచ్చి తమ మోకు తీసుకున్నారు. చివరికి రాయి ముందు ఒక్క మోకే మిగిలింది. బాపు కుర్చీలోంచి లేచాడు. తెల్లచొక్కా విప్పి అమ్మ చేతికిచ్చాడు. మోకు తీసుకుని దేవుడి వెనక ఉన్న తన పెద్ద చెట్టు దగ్గరికి పోయాడు. ఎవరూ అడ్డం రాలేదు.

మొదట కాలు జారింది. అమ్మ నా చేయి పట్టుకుంది. బాపు మళ్ళీ కాలు పెట్టాడు. ఏడాదిగా అరుగు మీద కరిగిపోతున్న మనిషి, మోకు విసురుకుంటూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ, చెట్టు తల దగ్గరికి చేరాడు. మట్టల చాటున ఇక కనిపించలేదు.

అప్పుడు ఏడుపు వినిపించింది. మొదట అది బాపు గొంతని నేను పోల్చుకోలేదు. "కొడుకా, చిరంజీవీ" అని అంత ఎత్తు నుంచి గొంతు పగిలేలా ఏడుస్తున్నాడు. కింద అంతమంది ఉన్నా ఎవరూ ఆయన ముఖం చూడలేరు. ఎవరో ఎక్కబోతే అమ్మ ఆపింది.

"ఏడ్వనియ్యిన్రి" అంది. "ఆయనకు గింతదాంక ఏడ్వనీకె జాగ దొరకలే."

మేమంతా చెట్టు కింద అట్లాగే నిలబడ్డాం. ఉక్కు గుండె అని గర్వపడ్డ నేను తలెత్తలేకపోయాను. చాలాసేపటికి బాపు దిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో లొట్టి ఉంది. దేవుడికి శాక పోసి, జనం వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ కదల్లేదు. నాకు వాళ్ళందరి మీదా అరవాలనిపించింది.

భూపతి ఒక తాటాకు దొప్ప తీసుకుని వచ్చి బాపు ముందు గొంతుక్కూర్చున్నాడు. దొప్ప నోటికి పెట్టుకున్నాడు. బాపు వంపాడు. భూపతి తాగి, మీసం తుడుచుకుని, ముఖం చిట్లించాడు.

"పులిసింది, ముత్తన్నా."

"లొట్టి కడుగుడు రానోళ్ళకు చెట్టిచ్చిన, పులువక ఏమైతది? నోరు మూస్కొని తాగు" అన్నాడు బాపు.

ఎవరో కిసుక్కుమన్నారు. భూపతి వెనక ఇంకొకరు వచ్చి కూర్చున్నారు, వాళ్ళ పక్కన మరొకరు. బాపు ఒక్కొక్కరికీ వంపుతూ పోయాడు. సగం మందికి పోశాక, ఎవరూ అడగకుండానే చెట్టు వైపు చూపించాడు.

"మా వాడు చిన్నగున్నప్పుడు మొదలు ఎక్కింది గిదే చెట్టు. సగందాంక పోయి, దిగుడు రాక ఏడ్సిండు. నేనే పోయి ఎత్తుకొచ్చిన. అమ్మకు చెప్పకే అని నా మీసాలు పట్టుకుండు."

అందరూ పెద్దగా నవ్వారు. ఫోటోలో యూనిఫాం వేసుకున్న వీరుడి గురించి ఊరు నవ్వడం అదే మొదటిసారి. అమ్మ కూడా నవ్వింది, నాకెందుకు చెప్పలేదని బాపును అక్కడే నిలదీసింది. బాపు నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుని, లొట్టి మళ్ళీ ఎత్తి పట్టుకుని, తర్వాత ఎవడ్రా అని అడిగాడు.