ఇనుము తగలకూడదు

ఆ వారమంతా శ్రీపతికి ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఓ చిన్న వ్యవసాయ కాలేజీలో చెట్ల గురించి పాఠాలు చెప్పుకునే మనిషిని పట్టుకుని మంత్రదండాల మీద ఉపన్యాసం ఇవ్వమంటే మండదా మరి?

నిప్పు పెట్టింది ఇంట్లోవాళ్ళే. ఇయర్ ట్వెల్వ్ చదివే కూతురు శ్రీదివ్య తండ్రి పరిశోధనకు ఒక వెబ్‌సైటు తయారు చేసింది. అంతా గిడ్జీ చెట్టు గురించే. మన తుమ్మకు దాయాది, ఎడారిలో బతుకుతుంది, కర్రను నీళ్ళలో వేస్తే మునుగుతుంది, వాన వచ్చే ముందు ఆకులు కంపు కొడతాయి. ఆయన రాసిచ్చినదంతా బుద్ధిగా ఎక్కించి, చివర్లో తన సొంత వాక్యం ఒకటి తగిలించింది. ఈ కర్రతో చేసిన మంత్రదండానికి మహాశక్తి ఉంటుందట!

అంతే. ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనను పలకరించిన నాథుడు లేడు గానీ, ఆ ఒక్క వాక్యానికి ఈమెయిళ్ళు వచ్చిపడ్డాయి. ఏ అమావాస్యకు కొట్టాలి, ఎంత పొడవుండాలి, ప్రేమ వ్యవహారాలకు పనికొస్తుందా అని.

“ఏంది పాపా ఇది? నా పేరు కింద ఈ పిచ్చిరాతలేంది?” అని అరిచాడు శ్రీపతి.

“రిలాక్స్, డాడ్. అట్లీస్ట్ నౌ పీపుల్ ఆర్ రీడింగ్ ఇట్,” అంది శ్రీదివ్య.

దాన్ని తీసేయించేలోపే ప్రిన్సిపాల్ గ్రాహమ్ కంట పడింది. కాలేజీ వెనక శ్రీపతి గింజ నాటి పెంచిన గిడ్జీ తోట ఉంది. పదేళ్ళు పెరిగినా మనిషెత్తు దాటని మొండి చెట్లు. వాటిని కొట్టేసి కంప్యూటర్ ల్యాబ్ కట్టాలని పైవాళ్ళ పట్టు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఓ పక్క వణికిపోతూ, ఇంకో పక్క వాటికే కొత్త భవనం కట్టడమేమిటో శ్రీపతికి అర్థం కాలేదు.

“జనం ఈ తోట కోసం వస్తారని చూపించు, నేను కాపాడతాను,” అన్నాడు గ్రాహమ్. “మంత్రదండాల మీద ఒక టాక్ ఇయ్యి. హాలు ఊగిపోవాలి. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు, మేట్.”

హాలు నిండింది. శ్రీపతి కర్ర సాంద్రత గురించి, నారల అల్లిక గురించి చెప్పాడు. జనం ఆవులించారు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెనక వరసలో గ్రాహమ్ మొహం మాడిపోయింది. అప్పుడు ఊదారంగు శాలువా కప్పుకున్న ఒకావిడ చెయ్యెత్తింది.

“ప్రొఫెసర్, కొమ్మను చెట్టు నుంచి తీసుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది కదా?”

లేదు అనబోయాడు. గ్రాహమ్ వైపు చూశాడు. అనంతపురంలో మందు ఆకులు కోసే నాయనమ్మ, తన జేజి గుర్తొచ్చింది. ఆమె మొక్కకు దండం పెట్టి, “తల్లీ, మందుకు తీసుకుంటాండా” అని అడిగి, కొడవలి పక్కన పెట్టి చేత్తో తుంచేది. అది లేత ఆకుల సంగతి. చెట్టుకొమ్మల సంగతి కాదు.

“ఉంది,” అన్నాడు శ్రీపతి. “ముందు చెట్టును అడగాలి. చేత్తోనే విరవాలి. ఇనుము తగలకూడదు. తగిలితే శక్తి పోతుంది.”

చెట్ల గురించి ఆయన జన్మలో ఆడిన మొదటి అబద్ధమది. హాలంతా గబగబా రాసుకుంది. చప్పట్లు మారుమోగాయి. ల్యాబ్ ఇంకోచోట కడతారని గ్రాహమ్ ఆ సాయంత్రమే చెప్పాడు. శ్రీపతి ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

శనివారం తోటకు వెళ్తే రోడ్డు పొడవునా కార్లు. ప్రతి చెట్టు ముందూ మనుషులు. తల వంచి, ఎంతో మర్యాదగా అనుమతి అడిగి, ఆ తర్వాత కొమ్మలు పట్టుకుని మెలితిప్పుతున్నారు. గిడ్జీ అంత తేలిగ్గా విరుగుతుందా? ఒంటి బరువంతా వేసి గుంజుతున్నారు. కొమ్మతోపాటు బెరడు మొదలుదాకా చీలిపోతోంది. కత్తెరతో నున్నగా కోసిన గాయం మానుతుందని, చీలిన గాయంలో పుచ్చు పడుతుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పేది ఈయనే. శ్రీపతి చెట్ల మధ్యకు పరుగెత్తాడు.

“ఆపండి! అదంతా అబద్ధం! నేనే కల్పించాను! ఈ కర్రలో ఏ శక్తీ లేదు!” అని గొంతు చించుకున్నాడు.

అందరూ ఒక్క క్షణం ఆగారు. ఊదా శాలువా ఆవిడ దగ్గరకొచ్చి, జాలిగా ఆయన భుజం తట్టింది.

“రహస్యం బయటపెట్టేశానని బాధపడుతున్నారు కదూ? భయపడకండి. ఇక ఎవరికీ చెప్పం.”

శ్రీపతి ఆమెను విదిలించుకుని, కారులోంచి కత్తెర తెచ్చాడు. చీలిన కొమ్మ మొదలును నున్నగా కోసి, ఆ ఒక్క చెట్టునైనా బతికించుకుందామని వంగాడు.

“అయ్యో, ఇనుము!” అని కేక వేసి, నలుగురూ ఆయన చేతులు పట్టుకున్నారు.