కదలని పిల్లకు స్టార్

ఆ గదిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు నోటిమీద వేలేసుకుని చావు పక్కనే కూర్చున్నారంటే, ఆ పాపం గోడది కాదు. మీది. కూర్చోబెట్టిన టీచరమ్మది, చూసి మురిసిపోయిన తల్లిదండ్రులది. తాపీమేస్త్రీది కూడా.

అతని కూతురు బుడ్డి ఆ గదిలోనే మూడో తరగతి. ఖాళీ దొరికితే చాలు, మగపిల్లలు కిటికీ ఎక్కి ఆవరణలోకి దూకేవాళ్లు. "కోతిమూక!" అని టీచరమ్మ నవ్వేది. ఆడపిల్లలకు వేరే ఆట పెట్టింది. ఎక్కువసేపు కదలకుండా కూర్చున్న పిల్ల పుస్తకం మీద కాగితం స్టార్ అతికిస్తుంది. బుడ్డికి తొమ్మిదొచ్చాయి. "మా పిల్ల ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు, బంగారం!" అని మేస్త్రీ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

సోమవారం ఆ గది వెనకగోడకు పడ్డ పగులు పూడ్చమని అతన్నే పిలిచారు. అతను పూడ్చలేదు. పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటుతో అతికించాడు. గోడ వెంట్రుకంత కదిలినా గాజు విరుగుతుంది. బుధవారం వచ్చి చూస్తే రెండు ముక్కలై ఉంది.

"సార్, గోడ నడుస్తోంది," అన్నాడు హెడ్మాస్టరుతో.

"గోడ నడవడమేంటి మేస్త్రీ? ముందు నువ్వు తిన్నగా నడుస్తున్నావా?"

"నవ్వులాట కాదు సార్. పిల్లల్ని బయటికి పంపండి."

"పరీక్షలు నెత్తిమీదున్నాయయ్యా. సెలవుల్లో చూద్దాంలే."

మేస్త్రీ వెనక్కి పరుగెత్తాడు. పగులులోంచి ఇసుక చీమలబారులా జారుతోంది. గోడ లోపలెక్కడో కట్టె విరిగినట్టు టప్‌మంది. టీచరమ్మ గదిలో లేదు. "నేనొచ్చేదాకా కదిలారో, స్టార్లు పీకేస్తా!" అని చెప్పి చాక్‌పీసుల కోసం వెళ్లింది.

"గోడ పడుతోంది! దూకండి!" కిటికీలోంచి అరిచాడు.

రెప్పపాటులో మగపిల్లలందరూ ఆవరణలో ఉన్నారు. రోజూ ఆడే ఆటే కదా! ఆడపిల్లల్లో ఒక్కరూ లేవలేదు. సున్నం పెళ్లలు జడల మీద రాలుతుంటే దులుపుకోనైనా లేదు.

"బుడ్డీ! రావే తల్లీ!"

వేలు తీయకుండానే గొణిగింది పిల్ల. "టీచర్ చెప్పలేదు నాన్నా."

అతను కిటికీ ఎక్కి లోపలికి దూకాడు. ఒక్కొక్కరినే ఎత్తి బయటికి అందించాడు. చేతుల్లో కూడా కొయ్యల్లా బిగుసుకునే ఉన్నారు. ఆఖరున తన కూతుర్ని తీశాడు.

గోడ పడలేదు. పగులులో ఇప్పుడు పిడికిలి పడుతుంది, అంతే.

"ఏమీ కాలేదుగా!" అన్నాడు టీచరమ్మతో కలిసి అప్పుడొచ్చిన హెడ్మాస్టరు. "రేపు అక్కడ బీరువా అడ్డం పెట్టిద్దాం."

బుడ్డి తండ్రి చొక్కా లాగింది. "నాన్నా, నా స్టార్లు పీకేస్తారా?"

గోడ చప్పుడుకు బెదరని మేస్త్రీ ఆ మాటకు బెదిరాడు. పిల్ల చేతిలోని పుస్తకం తీసుకుని, తొమ్మిదింటినీ తనే పీకేశాడు. తర్వాత గది గుమ్మంలో హెడ్మాస్టరుకు అడ్డంగా నిలబడ్డాడు.

"బీరువా కాదు సార్. తాళం తెండి, ఈ గది మూసెయ్యండి. మీరు మూసేదాకా నేను గుమ్మంలోంచి కదలను. టీచరమ్మా, ఆ స్టార్ల డబ్బా తగలెయ్యండి. మళ్లీ ఏ గదిలో కూర్చోబెట్టినా, ముందు ఆ గది కిటికీ కింద ఇసుక పోయిస్తా. ఆడపిల్లలందరూ దూకాలి. భయం పోయేదాకా దూకాలి. ఎవరూ చెప్పకపోయినా లేచి పరుగెత్తడం నేర్పండి. రేపు కాదు, ఇప్పుడే."