అన్నయ్య ఇచ్చిన కాగితం

మా బుల్లికి ఏడో నెల. బట్టల ఫ్యాక్టరీ ఇస్త్రీ సెక్షన్లో పది గంటలూ నిలబడే పని మా ఇద్దరిదీ. ఆ రోజు కళ్ళు తిరుగుతున్నాయని ఖాళీ చెక్కపెట్టె బోర్లించి దానిమీద కూర్చుంది. అంతే, ఇంకే నేరమూ చెయ్యలేదు. పక్క బల్ల దగ్గరే ఉన్నాను, కళ్ళారా చూశాను.

సూపర్వైజరు వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అయ్యో చెల్లెమ్మా, ఈ ఒంటితో నీకెందుకమ్మా ఈ కష్టం? అన్నయ్యగా చెబుతున్నా, ఇంటికెళ్ళి హాయిగా పడుకో. కాన్పయ్యాక నేనే పిలుస్తాగా" అంటూ ఓ కాగితం ముందు పెట్టాడు. బుల్లి కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టేసింది.

సాయంత్రం గేటు బయట దాని నకలు నాకు చూపించింది. 'నా ఇష్టంతోనే పని మానేస్తున్నాను. మళ్ళీ పని అడిగే హక్కు నాకు లేదు' అని ఉంది.

"చదవకుండా ఎలా పెట్టావే?"

"అన్నయ్యే కదక్కా ఇచ్చింది! ఎదురుగా నిలబడి చదివితే నమ్మనట్టు ఉండదూ?"

చదువుకుంటున్న పిల్లలు మీరు, నవ్వకండి. పనిలో చేరిన రోజే మాకు చెప్పారు, ఇక్కడ సార్లూ మేడమ్‌లూ లేరు, మనమంతా ఒకే ఇల్లు, సూపర్వైజర్ని అన్నయ్యా అనండని. మురిసిపోయాం. ఆరేళ్ళు అలాగే పిలిచాం. అన్నయ్యని సెలవడగాలంటే మొహమాటం, అన్నయ్య మీద ఫిర్యాదంటే పాపం! బుల్లి మొగుడు కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఆస్పత్రి కార్డూ, కాన్పు సెలవూ అన్నీ ఈ పనితోనే. ఒక్క సంతకంతో అన్నీ పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికెళ్తే మా ఆయన, బస్సు డ్రైవరు, మంచం మీద వాలి ఉన్నాడు. "కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందే, కాసిని మంచినీళ్ళివ్వు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నా పిక్కలు చూపించాను. ఉబ్బిన నరాలు చూసి తనే లేచాడు. నాకూ ఒక గ్లాసు తెచ్చాడు.

మర్నాడు అన్నాల దగ్గర పెద్ద గొడవ.

"అడిగి చూద్దాం, అన్నయ్య మంచోడే" అందొకామె.

"మంచోడు, నా తలకాయ!" అంది మడతలు పెట్టే పెద్దమ్మ. "కడుపుతో ఉన్న చెల్లిని గేటు బయటికి తోసిన అన్నయ్య మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉన్నాడా? వాడు సూపర్వైజరు. మనం పనివాళ్ళం. ముందు ఆ మాట నోటికి అలవాటు చేసుకోండి."

"నోరు తిరగట్లేదు పెద్దమ్మా."

"తిరిగేదాకా అనండి!"

నవ్వుకుంటూనే అన్నాం, సూపర్వైజరు గారూ, అని. మొదట సిగ్గేసింది. నాలుగోసారికి ఎవరూ నవ్వలేదు.

బెల్లు మోగింది. నలభై మందిమీ ఇస్త్రీపెట్టెల స్విచ్చులు కట్టేసి నేలమీద కూర్చున్నాం. అతను పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? చెల్లెళ్ళయ్యుండి అన్నయ్య పరువు తీస్తారా?"

"సూపర్వైజరు గారూ," అన్నాను. "బుల్లి కాగితం వెనక్కివ్వండి. ప్రతి బల్లకీ ఒక స్టూలు వెయ్యండి. అప్పుడు లేస్తాం."

అబ్బ, ఆ 'గారూ' విన్నాక అతని మొహం చూడాలి! చెంప మీద కొట్టినట్టయింది. వెంటనే అసలు భాష బయటికొచ్చింది.

"లేవండే! ఒక్కొక్కదాన్నీ జుట్టు పట్టి ఈడ్పిస్తా!"

అన్నంత పనీ చేశాడు. పోలీసులొచ్చి పెద్దమ్మనీ నన్నూ గేటు దాకా ఈడ్చుకెళ్ళి జీపెక్కించారు. కబురు తెలిసి బుల్లి అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. మేనేజరు ఇంకో కాగితం పట్టుకుని ఆమె దగ్గరికెళ్ళాడు.

"రేపే పనిలోకి రామ్మా. పాత కాగితం చింపేస్తాను. వీళ్ళిద్దరే అందర్నీ రెచ్చగొట్టారని ఇందులో రాసుంది, సంతకం పెట్టు చాలు."

నిజం చెబుతున్నా, పెట్టినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. ఆమె ఇంటి సంగతి నాకు తెలుసు.

బుల్లి కాగితం అందుకుంది. అక్షరం అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, పైనుంచి కిందిదాకా చదివింది. పోలీసులూ, మేనేజరూ ఎండలో అలాగే నిలబడ్డారు.

"చదివాను మేనేజరు గారూ. పెట్టను."

కాగితం అతని చేతిలో పెట్టేసి జీపు దగ్గరికొచ్చింది. "అక్కా, చెయ్యివ్వు" అంది. పెద్దమ్మా నేనూ చెరో చెయ్యీ పట్టి పైకి లాగాం. పోలీసులు మొహమొహాలు చూసుకున్నారు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు, కానీ జీపు కదల్లేదు. పై అంతస్తులో కుట్టుమిషన్ల చప్పుడు ఆగిపోయింది. రెండొందల మంది మెట్లు దిగి గేటుకి అడ్డంగా వస్తున్నారు.