ఎడమచేతి వైపు చక్రం

బొమ్మ గియ్యడం పూర్తయిందని నేనే అందరికీ టముకేశాను. ప్రదర్శన వాళ్లు రేపు పొద్దున్నే బండి పంపుతారు. ఈలోగా ఒకసారి చూసి పొమ్మని పిన్నిని పిలిచాను. తిట్టడానికైనా మెచ్చుకోడానికైనా నాకున్నది ఆవిడే. అమ్మ పోయాక నన్ను తన కుట్టుకొట్లోనే పెట్టుకుని పెంచింది.

ఆ కొట్టు ఇప్పుడు లేదు. పడగొట్టి ఏదో మేడ లేపారు. మీదెక్కడ అని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. చెప్పుకోడానికి ఆ ఒక్క గది తప్ప నాకింకేం లేదు, దానికీ ఫొటో లేదు. అందుకే గుర్తున్నది గుర్తున్నట్టు గీశాను. వెనక గుడ్డల అరలు, పక్కన కిటికీ, మధ్యలో మిషన్ ముందు నోట్లో గుండుసూదులు పెట్టుకుని పిన్ని.

పిన్ని కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బాగానే ఉన్నాగానీ, నన్ను ఎడంచేతివాటం దాన్ని చేశావేంటే? మిషన్ చక్రం కుడిచేతి వైపు కదా ఉండేది! కిటికీ కూడా అటు కాదు, ఇటు. అంతా తిరగేశావు తల్లీ."

ఆ మిషన్ చప్పుడులో పెరిగినదాన్ని, చక్రం ఎటుంటుందో తెలియదా? ఉన్న ఒక్క గదీ సరిగ్గా గుర్తులేకపోతే ఇక నాదని చెప్పుకునేది ఏముంది? ఉక్రోషం పట్టలేక, మొత్తం చెరిపేద్దామని పెద్ద కుంచె అందుకున్నాను.

"ఆగవే, అన్నిటికీ తొందరే నీకు. కొట్లో నువ్వెక్కడ కూర్చునేదానివి?"

"నీ వెనక. గుడ్డ ముక్కల బుట్ట పక్కన."

"మరి నా వీపు కదా గియ్యాలి! మొహం ఎలా గీశావు?"

"అద్దంలో!" అన్నాను. మిషన్‌కి ఎదురుగా గోడకి నిలువుటద్దం ఉండేది. పిన్ని మొహం నేను చూసిందంతా అందులోనే. చక్రం, కిటికీ తిరగబడింది అందుకే.

"ఆ అద్దం గుమ్మం దగ్గర పెట్టమని బట్టలు కుట్టించుకునేవాళ్లంతా పోరు పెట్టేవాళ్లు," అంది పిన్ని. "కుడుతూ సోకులు చూసుకుంటోందని నవ్వేవాళ్లు కూడా. నవ్వుకోనీలే అనుకున్నా. మీ అమ్మ పోయాక నువ్వు చప్పుడు చెయ్యకుండా ఏడ్చేదానివి. తలెత్తితే చాలు, నీ మొహం కనబడాలని అక్కడ పెట్టుకున్నా."

ఈసారి చప్పుడు చేస్తూనే ఏడ్చాను. నేను తల ఎత్తినప్పుడల్లా ఆ కళ్లు నా మీదే ఉండేవన్నమాట. పిన్నికి నేను పడిన రుణం ఏ బొమ్మతోనూ తీరేది కాదు. తీరకపోవడమే నాకు హాయిగా ఉంది.

"పోనీ, చక్రం మార్చేస్తావా?" అంది, కొంగుతో నా మొహం తుడుస్తూ.

"మార్చను."

"జనం నవ్వుతారే."

"నవ్వుకోనీ."

పిన్ని నవ్వి, మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లింది. తన భుజం వెనక ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది.

"అద్దమే అయితే ఇక్కడ నువ్వుండాలి. నాకు రోజూ కనిపించింది అదే. నిన్ను నువ్వు వదిలేసుకుంటే ఎలా?"

నేను సన్నకుంచె తీసుకుని బుట్ట గియ్యడం మొదలుపెట్టాను. పిన్ని స్టూలు లాక్కుని నా వెనకే కూర్చుంది.