శుక్రవారం లిస్టు

పెళ్ళయి, ఆ బిర్యానీ కూడా అరిగిపోయిన మోసిన్ మా లిస్టులో మళ్ళీ పెళ్ళికొడుకయ్యాడు. "సంబంధం కావాలి" అని ఫొటోతో సహా. అతని భార్య హఫ్సా నేరుగా ఆఫీసుకే వచ్చి, "ఏం మేడం, ఆయనకి నేను సాలనా?" అని నిలదీసింది. నేను తప్పంతా నెట్ మీద వేసి, టీ తెప్పించి పంపాను.

నా పేరు అనూష. మదనపల్లెలో ఉషారాణక్క పెళ్ళి సంబంధాల ఆఫీసులో కంప్యూటర్ పని నాది. పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి మాకు ఇంకో రెండు ఆఫీసులున్నాయి. మూడు ఊళ్ళకీ నెట్‌లో లిస్టు ఒకటే, ఎవరైనా ఫోన్‌లో చూడొచ్చు. రోజూ పొద్దున కంప్యూటర్ తనంతట తానే ఒక్కో ఆఫీసులో జరిగిన మార్పులు తెచ్చి ఆ లిస్టులో కలుపుతుంది. మదనపల్లెవి పదికి, పుంగనూరువి పదిన్నరకి, కుప్పంవి పదకొండుకి. ఫొటోలూ జాతకాలూ ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఒకటి ముగిశాకే ఇంకొకటి మొదలయ్యేలా ఆ టైములు పెట్టింది నేనే. పెట్టి, మళ్ళీ వాటి జోలికి పోలేదు.

ఆ లిస్టులో నా పేరు కూడా ఉండేది. కుప్పం చేతన్ సంబంధం అందులోంచే వచ్చింది. పెళ్ళిచూపుల రోజు అతను నా పనేమిటని అడిగి, నేను చెబుతున్న అరగంటసేపూ ఫోన్ ముట్టుకోలేదు. మా నాన్నయితే నేను కంప్యూటర్ అనగానే ఆవులిస్తాడు. చేతన్ నాకు నచ్చాడు, బాగా నచ్చాడు. ఆదివారం తాంబూలాలు అనుకున్నారు. శుక్రవారం పొద్దున ఆఫీసు తెరవగానే మా ఆఫీసు కంప్యూటర్‌లో నా పేరు నేనే కొట్టేసుకున్నాను. గదిలో ఎవరూ లేకపోయినా కాస్త సిగ్గుపడ్డాను కూడా.

పదకొండుకి చేతన్ వాళ్ళమ్మ ఈశ్వరమ్మ ఫోన్ చేసింది.

"ఏమ్మా, ఆదివారం తాంబూలాలు పెట్టుకోని ఇంగా లిస్టులోనే ఉండావు? మాకంటే మంచోళ్ళు యాడన్నా దొరుకుతారనా? వి.కోటలో మా చెల్లెలు ఇప్పుడే సూసి పంపించింది."

"పొద్దున్నే తీసేసినానత్తా..."

"తీసేస్తే యాల కనిపిస్తాది? ఆదివారం మేము రాములే."

పెట్టేసింది. లిస్టు తెరిచి చూస్తే ఉన్నాను. పచ్చ చీర, వంకర నవ్వు, "సంబంధం కావాలి". మోసిన్ పేరు కొట్టేసింది కూడా శుక్రవారమే అని అప్పుడు గుర్తొచ్చింది. ఏది ఎప్పుడు నడిచిందో వెదికాను. కుప్పంది పదకొండుకి కాదు, పదీ అయిదుకే మొదలైంది. అదీ శుక్రవారాల్లో మాత్రమే. మాది ముగియకముందే, తన మార్పులు కలుపుకోడానికి నా పేరున్న పాత లిస్టును అది పట్టుకుపోయింది. మాది ముగిశాక తీరిగ్గా పదిన్నరకి దాన్నే తెచ్చి పైన పెట్టేసింది.

కుప్పం ఆఫీసు చూసుకునే మునిరత్నానికి ఫోన్ చేశాను.

"టైము ఎవురు మార్చినారన్నా?"

"నేనే మా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం గదా. ఆ టైములో పెండ్లి పేర్లు పంపిస్తారా ఎవురన్నా? అందుకే ముందుగా పోనిచ్చినా."

"ఇన్ని దినాలు లేని రాహుకాలం ఇప్పుడు యాడ్నించి వచ్చెనన్నా?"

"చేతన్ పేరు రాయించినప్పుడు ఈశ్వరమ్మక్క గట్టిగా సెప్పింది మా. రాహుకాలంలో మావోడి పేరు పంపితే నీ ఆఫీసు ముందర కూసుంటా అనింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు టైముల సంగతి చూశాను. ముందుది ముగిసిందని తేలితేనే తరవాతిది కదిలేలా పెట్టాను. శుక్రవారం మాత్రం కుప్పంది పన్నెండు దాటాకే.

"నెట్ పోయిందని చెప్పెయ్ మా," అంది ఉషారాణక్క. "ఇంట్లో కాలు పెట్టకముందే అత్త తప్పు ఎత్తి సూపిస్తావా?"

అబద్ధంతో కాపురం మొదలుపెట్టడం నాకిష్టం లేదు. నిజం చెప్పాలంటే కోపంగా కూడా ఉంది. చేతన్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టించి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను.

ఈశ్వరమ్మ అంతా విని అడిగింది: "అంటే నావల్లనే నీ పేరు ఆడ ఉండాదా?"

"అవునత్తా. నీవల్లనే."

ఉషారాణక్క తల పట్టుకుంది.

"సరే, తీసెయ్ మరి," అంది ఈశ్వరమ్మ.

"ఇప్పుడు పదకొండూ నలభై అత్తా. రాహుకాలం ఇంగా ఇరవై నిమిషాలుండాది. ఆగమంటే ఆగుతాను."

చేతన్ ఫోన్‌లో లిస్టు చూస్తూ, మెల్లగా వాళ్ళమ్మతో, "ఇప్పటికే నలుగురు ఇష్టమని నొక్కినారు మా," అన్నాడు.

"రాహువూ లేదు, కేతువూ లేదు!" ఈశ్వరమ్మ గొంతు ఆఫీసంతా వినిపించింది. "నా కోడల్ని ఎవురెవురో సూస్తాంటే నేను గడియారం సూస్తా కూసుండల్నా? తియ్యి మా ముందు!"

ఈసారి నేరుగా నెట్‌లోని లిస్టులోంచే తీసేశాను.

"పోయింది," అన్నాడు చేతన్. ఆ మాటను అంత సంతోషంగా అన్నవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు.