గ్లౌజులు తొడుక్కున్న రోజు

బండి మీద అతికించిన పాత వినైల్ ఫిల్మ్ ఊడదీయడంలో తొందర పనికిరాదు. హీట్‌గన్‌తో వెచ్చబెట్టి, అంచు గోటితో లేపి, పుండు మీది కట్టు విప్పినంత నెమ్మదిగా లాగాలి. ఎండకి ఎండిపోయిన ఫిల్మ్ అయితే పెంకులు పెంకులుగా విరుగుతుంది. ఈ జీపు మీదున్నది అలాంటిదే. ఒకప్పుడు ముదురు ఆకుపచ్చ. ఇప్పుడు ఏ రంగో చెప్పలేం.

"దీని కింద తెల్లగా మెరిసిపోతుందట తమ్ముడూ, బండి అమ్మినాయన చెప్పాడు" అంది జీపు కొనుక్కున్న నర్సు. పొద్దున బండి తెచ్చిన దగ్గర్నుంచీ షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంది. "రేపు కొండెక్కుతున్నాం. స్టీరింగు మా ఆయనది. వెనక సీట్లో మా అత్తగారు. బ్రేకులు ఆవిడే వేస్తుంది, నోటితో."

నవ్వాను. నవ్వుతూనే తలుపు మూల ఫిల్మ్ మడిచిన తీరు చూశాను. మడత లోపలికి తిప్పి, చివర గోరంత కోత. ఆ కోత నాది. ఐదేళ్ళ కిందట ఈ బండికి ఫిల్మ్ వేసింది నేనే.

ఫిల్మ్ వేసే ముందు కళ్ళు మూసుకుని ఉత్త అరచేత్తో బండంతా తడమడం నాకు అలవాటు. కంటికి దొరకని సొట్ట చేతికి దొరుకుతుంది. అన్నయ్య నేర్పిన పద్ధతే. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే, పని నేర్పిందీ ఆయనే. షెడ్డు ఆయనది, పైన నేనుండే గదీ ఆయనదే. ఈ బండి వచ్చిన రోజు మాత్రం పక్కన నిలబడి, "తడమక్కర్లేదులే, మొదలుపెట్టు" అన్నాడు. ఎందుకని అడగలేదు. అలమరాలోంచి కొత్త డబ్బా తీసి, గుడ్డ గ్లౌజులు తొడుక్కున్నాను. ఎందుకు తొడుక్కున్నావని నన్ను నేను కూడా అడగలేదు. అడగకుండా ఉండటానికీ కష్టపడాలి. ఐదేళ్ళుగా ఆ కష్టం పడుతున్నానని ఇప్పుడే తెలుస్తోంది.

ఇవాళ ఊడదీతలో బానెట్ అయింది, టాపు అయింది, తలుపులయ్యాయి. రబ్బరు గ్లౌజులు వేసుకుని, మిగిలిన జిగురుని మందుతో తుడిచాను. ముందు తలుపు వెనక, టాపు నుంచి కింది దాకా జానెడు వెడల్పు ఫిల్మ్ పట్టీ మాత్రం ఊడదీయకుండా వదిలేశాను. అటువైపూ అంతే.

"ఆ పట్టీ ఏంటయ్యా? బండికి బెల్టు పెట్టావా?" అంది నర్సు.

అప్పుడే అన్నయ్య భోజనానికి వచ్చాడు. బండిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నన్ను కంప్రెసర్ వెనక్కి పిలిచాడు.

"ఇదెక్కణ్ణుంచి ఊడిపడిందిరా?"

"ఆవిడ కొనుక్కుంది."

"ఆ పట్టీ జోలికెళ్ళకు. ఊడటం లేదని చెప్పి, దాని మీదే నల్ల ఫిల్మ్ వేసెయ్. ఫ్యాషన్ అనుకుంటుంది."

"దాని కింద ఏముందన్నయ్యా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీకు తెలీదూ?"

ఆ మాటలో బెదిరింపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఐదేళ్ళు తిరగలేదా? రేపూ తిరుగుతుంది. నోరు మూసుకుని పని కానీ, మూగిమొద్దూ. అందులో నిన్ను మించినవాడు లేడు కదా" అని ఇనప మెట్లెక్కి పైకి వెళ్ళాడు.

నల్ల ఫిల్మ్ చుట్ట భుజాన వేసుకుని తిరిగొచ్చాను. నర్సు స్టూలు మీద లేదు. పట్టీ దగ్గర నిలబడి రెండు వేళ్ళతో కిందకీ మీదకీ నొక్కి చూస్తోంది.

"విరిగి అతుక్కున్న ఎముక ఇలాగే తగులుతుంది తమ్ముడూ. నువ్వూ చూడు. అబ్బ, ఆ గ్లౌజులు తీసి చూడవయ్యా!"

తీశాను. కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించాను. ఫిల్మ్ కింద సన్నని గట్టు. టాపు నుంచి కింది దాకా, ఎక్కడా తెగకుండా.

చుట్ట కింద పెట్టి పట్టీ అంచు లాగాను. ఫిల్మ్‌తో పాటు పుట్టీ పెచ్చులుగా ఊడొచ్చింది. కింద తుప్పు పట్టిన వెల్డింగు. దానికి ముందున్న తెలుపూ, వెనకున్న తెలుపూ ఒకటి కాదు. టార్చి పట్టుకుని బండి కిందకి దూరాను. బండి బరువంతా మోసే ఛాసిస్‌కీ అదే చోట అతుకు. అతుకు పొడుగునా చీలిక. గోరు దూరింది.

బయటికొచ్చి చెప్పాను. "ఇది రెండు బళ్ళక్కా. ముందు సగం ఒకటి, వెనక సగం ఇంకోటి. కొండెక్కితే మధ్యలో విడిపోతుంది. అతికింది మా అన్నయ్య. కప్పింది నేను."

ఆవిడ వెనక సీటు వైపే చూస్తోంది.

"అప్పుడు నీకు తెలుసా?"

"తెలియకుండా చూసుకున్నాను."

బండి తాళంచెవి తీసి బ్యాగులో వేసుకుంది. "ఇలాంటివి ఇంకెన్ని చేశారు?"

లెక్క నా దగ్గర లేదనుకున్నాను. కాళ్ళు అలమరా వైపు నడిచాయి. గుడ్డ గ్లౌజుల డబ్బా తీశాను. పన్నెండు జతల డబ్బా. అన్నయ్య "తడమక్కర్లేదు" అన్నప్పుడు తప్ప దాన్ని ఎప్పుడూ తెరవలేదు. తెరిచినప్పుడల్లా కొత్త జత, పని కాగానే చెత్తబుట్టలోకి. ఇప్పుడు చేతికి బరువే తెలియడం లేదు. మూత తీస్తే అడుగున ఒక్క జత ఉంది.

ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడు దిగుతూ దిగుతూ ఆగిపోయింది.

"ఇది కాక పది" అన్నాను, మెట్ల మీదున్న అన్నయ్యకీ వినబడేలా.

"ఎక్కడున్నాయవి?" అంది నర్సు.

బయట రోడ్డు మీద ఏదో పెద్ద బండి గేరు మార్చుకుంటూ వెళ్తోంది. ముగ్గురం అటే తిరిగి, ఆ చప్పుడు దూరమయ్యేదాకా వింటూ నిలబడ్డాం.