మూఢానికి ముందు పొంగించిన పాలు

సర్కారు ఇళ్ల లాటరీలో మా పేరు వచ్చినప్పుడు, అమీర్‌పేటలో నేను వార్డెనుగా ఉన్న హాస్టల్ పిల్లలందరికీ మా ఆయన అచ్యుతరావు గారు జిలేబీ పంచారు. ఇల్లు మాత్రం గోడల దగ్గరే ఆగింది. కాంట్రాక్టరు మొహం చాటేశాడు. అధికారులు రేపూ మాపూ అన్నారు.

ఈలోగా మూఢం దగ్గరపడింది. "మూఢం వస్తే ముహూర్తాలుండవు సీతా. పాలు పొంగించేద్దాం, మిగతా పని అదే అవుతుంది" అన్నారాయన. డయాలసిస్ మీదున్న మనిషి మాట ఎలా కాదంటాను? తలుపుల్లేని ఇంట్లో మూడు ఇటుకలు పెట్టి పాలు పొంగించాం. పక్క ఫ్లాటు వచ్చిన బిక్షం "అక్కా, జర ఇటు చూడుండ్రి" అంటూ ఫోటో తీసి ఇళ్లు వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ఆయన ఆ ఏడే పోయారు. ఇల్లు పూర్తిచేసి ఇవ్వమని నేను కోర్టుకెక్కాను. గృహనిర్మాణ సంస్థ లాయరు కృష్ణమోహన్ ఆ ఫోటోనే తెచ్చి కోర్టులో పెట్టాడు. గృహప్రవేశం చేశారంటే ఇల్లు స్వాధీనమైనట్టేనట, మిగతా పనితో సంస్థకు సంబంధం లేదట. తలుపే లేని ఇంటికి ఏ తాళం అప్పగించారో ఆ మహానుభావుడే చెప్పాలి.

"మంచికే పెట్టిన అక్కా. ఇప్పుడు తీసేసిన" అన్నాడు బిక్షం ఫోన్లో. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

పంజాగుట్టలోని ఆఫీసులో మా లాయరు రవికాంత్ ఒకటే అడిగాడు. "పాలు పొంగించడం వరకూ పూజేనని వాదిస్తానమ్మా. ఆ రాత్రి అక్కడ నిద్ర చేశారా?"

గృహప్రవేశమైన రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలని ఎవరికి తెలియదు? "చేశాం" అన్నాను.

"ఎవరైనా చూశారా?"

"లేదు. మేమిద్దరమే."

"అయితే చేయలేదనే చెప్పండి. చేశామంటే కాపురం పెట్టినట్టే. కేసు పోతుంది."

పెళ్లయినప్పటి నుంచీ అద్దె గదులే మాకు. గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్లను అడగాల్సిందే. ఆ రాత్రి ఆయన చాప మీద పడుకుని, గోడ తడుముతూ, "ఇక్కడ క్యాలెండరు, ఇక్కడ అద్దం" అని చెబుతూనే నిద్రపోయారు. జబ్బు చేశాక ఆయన హాయిగా నిద్రపోవడం ఆ ఒక్క రాత్రే చూశాను.

బోనులో నిలబెట్టి కృష్ణమోహన్ అడిగాడు. "ఆ రాత్రి అక్కడే పడుకున్నారు కదమ్మా?"

"లేదండి."

"మీవారు?"

"ఆయన కూడా పడుకోలేదండి" అన్నాను.

దంపతులు ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా గడపలేదని జడ్జిగారు రాయించారు. "ఇక ఇల్లు మనదేనమ్మా" అన్నాడు రవికాంత్ బయటికొచ్చాక.

హాస్టల్ మెట్ల మీద హైందవి అనే అమ్మాయి అడిగింది, "కోర్టులో ఏమైంది ఆంటీ?" అని. బాగానే జరిగిందన్నాను. క్లాసుకు టైమైందని పరిగెత్తింది.

గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆ రాత్రి అక్కడ పడుకున్నామని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. అవునని అనడానికి ఉన్న ఒక్క సాక్షీ ఆయనే. ఆయన కూడా పడుకోలేదని నేనే చెప్పి వచ్చాను.